బిళ్ళను నడిమికి విరిచి చూడాలి

బరంపురం బడాబజారులో మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. అనకాపల్లి నుంచి బెల్లం దిమ్మలు దిగిన రోజున ఆయన దిమ్మ పైభాగం చూసి ధర ఒప్పుకునేవారు కారు. గోనె విప్పించి, ఒక దిమ్మను నేలమీద పక్కకు ఒరిగించి, ఇనుప చువ్వతో నడిమికి విరిపించి, విరిగిన చోట కనబడే రవ్వను బొటనవేలితో నలిపి, వాసన చూసి, చివరికి చిన్న ముక్క నాలుక మీద వేసుకుని కాసేపు మాట్లాడకుండా నిలబడేవారు. పైకి నునుపుగా ఎవరైనా పోస్తారు, పాకం ఎలా దిగిందో నడుమనే తెలుస్తుంది అనేది ఆయన మాట. ఎక్కడో చైనాలోని యునాన్ రాష్ట్రంలో తయారయ్యే పు-ఎర్ తేయాకు బిళ్ళలను పరీక్షించడానికి నాకు మొదట అక్కరకు వచ్చిన పాఠం ఇదే.

పదకొండేళ్ళ కిందట, సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సెలవుకు వచ్చినప్పుడు పల్చటి కాగితంలో చుట్టిన ఒక గుండ్రటి బిళ్ళను నా చేతిలో పెట్టాడు. "మావయ్యా, ఇది టీ ఆకే. పాలూ పంచదారా వేయకండి. దాచిన కొద్దీ బాగుంటుందట" అన్నాడు. అప్పటి నుంచి వేర్వేరు కర్మాగారాల బిళ్ళలు, గిన్నె అచ్చులు, ఇటుకలు అన్నీ కలిపి అరవైకి పైగా విప్పి తాగాను, ప్రతిదాని గురించి నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకాన్ని తిరగేసినప్పుడు మొదటి నాలుగేళ్ళ తీర్పుల్లో చాలా వాటిని ఇవాళ నేను ఒప్పుకోలేను. కర్మాగారం చేసిన పనిని, ఆ తరువాత నిల్వ చేసిన చోటు చేసిన పనిని అప్పట్లో నేను విడదీసి చూడలేదు. ఆ రెండింటినీ విడదీయకుండా ఫలానా కర్మాగారం గొప్పదనీ, ఫలానాది తక్కువదనీ చెప్పడం సరికాదని, అందులోనూ సముద్రపు గాలి తగిలే మా గంజాం జిల్లాలో కూర్చుని చెప్పడం అసలే సరికాదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. పు-ఎర్ అనేది యునాన్‌లో పెరిగే పెద్దాకు తేయాకుతో చేస్తారు. మనం తాగే అస్సాం టీ మొక్కా, అదీ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే ఉపరకం. ఆకును బాణలిలో ఓ మాదిరి వేడి మీద వేయించి, నలిపి, ఎండలో ఆరబెడతారు. ఆ ఎండుటాకును ఆవిరి పట్టి అచ్చులో నొక్కితే పచ్చి పు-ఎర్ అవుతుంది, అది ఏళ్ళ తరబడి మెల్లగా మాగుతుంది. అదే ఆకును కుప్పపోసి, నీళ్ళు చల్లి, కప్పి, సుమారు నెలన్నర నుంచి రెండు నెలల వరకు పులియబెట్టి, ఆ తరువాత నొక్కితే పండు పు-ఎర్ అవుతుంది. ఈ కుప్ప పద్ధతి 1973లో యునాన్ రాజధాని కున్‌మింగ్‌లో రూపు దిద్దుకుంది. 2008లో వచ్చిన చైనా జాతీయ ప్రమాణం ప్రకారం యునాన్‌లో నిర్ణయించిన ప్రాంతాల్లో పండిన పెద్దాకుతో అక్కడే చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది.

పెద్ద కర్మాగారాల పేర్లు చెప్పుకునే ముందు అంకెల సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 7542 అని రాసి ఉన్న బిళ్ళను చూసి అది 1975లో తయారైందని అనుకునేవారు చాలామంది. మొదటి రెండు అంకెలు ఆ మిశ్రమాన్ని రూపొందించిన సంవత్సరాన్ని, మూడో అంకె అందులో వాడిన ఆకు సగటు తరగతిని, చివరి అంకె కర్మాగారాన్ని సూచిస్తాయి. తరగతి అంకె చిన్నదైతే ఆకు లేతది, పెద్దదైతే ముదురుది. చివరి అంకెల్లో 1 కున్‌మింగ్‌ది, 2 మెంగ్‌హాయ్‌ది, 3 షియాగువాన్‌ది. కాబట్టి 7542 అంటే 1975లో కుదిర్చిన, నాలుగో తరగతి ఆకు ప్రధానంగా ఉన్న మెంగ్‌హాయ్ పచ్చి బిళ్ళ. అదే లెక్కన 7572 మెంగ్‌హాయ్ వారి పండు బిళ్ళ, 7581 కున్‌మింగ్ వారి పండు ఇటుక. బిళ్ళ ఏ సంవత్సరంలో తయారైందో తెలియాలంటే విడిగా వేసే జట్టు (బ్యాచ్) సంఖ్యను చూడాలి. 501 అని ఉంటే 2005లో మొదటి జట్టు, 1501 అని ఉంటే 2015లో మొదటి జట్టు. మామూలు బిళ్ళ 357 గ్రాములు ఉంటుంది. అటువంటివి ఏడింటిని కలిపి ఒక కట్టగా కడతారు.

1940లో మొదలైన మెంగ్‌హాయ్, 1941లో దాలి దగ్గర మొదలైన షియాగువాన్ ఈ వ్యాపారానికి రెండు పెద్ద స్తంభాలు. మెంగ్‌హాయ్ వారి దాయీ ముద్ర పండు తేయాకుకు ప్రసిద్ధి. వ్యాపారులు "మెంగ్‌హాయ్ రుచి" అని విడిగా ఒక మాటే వాడతారు. చిక్కగా, తియ్యగా, పాత చెక్కపెట్టె మూత తీసినట్టు ఉండే ఆ రుచి అక్కడి నీటి వల్ల, గాలి వల్ల, తరతరాలుగా కుప్పలు వేసిన అదే నేలలో నిలిచిపోయిన సూక్ష్మజీవుల వల్ల వస్తుందని వారు చెప్పుకుంటారు. షియాగువాన్ గిన్నె ఆకారపు అచ్చులకు, ఇనుప బిళ్ళ అని పిలిచే గట్టి బిళ్ళలకు పేరు. వారి పచ్చి తేయాకులో తరచుగా పొగ వాసన ఉంటుంది, దాన్ని ఇష్టపడి వెతుక్కునేవారూ ఉన్నారు. గట్టిగా నొక్కిన బిళ్ళలోకి గాలీ తేమా మెల్లగా చేరుతాయి గనుక అది మాగడానికి ఎక్కువ కాలం పడుతుంది. మెంగ్‌హాయ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన జౌ బింగ్‌లియాంగ్ 1999లో మొదలుపెట్టిన హైవాన్ కర్మాగారం పండు తేయాకులు కూడా నా అలమరలో ఉన్నాయి. ఈ మూడింటి స్వభావాలను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు మెత్తగా నొక్కిన రెండేళ్ళ బిళ్ళనూ, ఇనుప బిళ్ళనూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం కొత్త బియ్యాన్నీ పాత బియ్యాన్నీ ఒకే ఎసట్లో వండి చూడడం వంటిది.

ఇక పరీక్ష. ముందుగా బిళ్ళను చూస్తాను. కొన్ని మిశ్రమాల్లో లేత చివుళ్ళను పైన పరిచి, ముదురాకును లోపల పెట్టడం పాత సంప్రదాయమే, దాన్ని మోసం అనడానికి వీల్లేదు. అయితే లోపలి ఆకు ఎలా ఉందో తెలుసుకోవడం కొనేవారి బాధ్యత. సన్నటి చువ్వను అంచు నుంచి గుచ్చి, నడుమ వైపు నెమ్మదిగా పొరలు విడదీస్తాను. అంచు ఆకు, నడిమి ఆకు రెండూ కలిసేటట్టు 5 గ్రాములు తూచుకుంటాను. అంచు ఆకుతో ఒక కప్పు, నడిమి ఆకుతో ఒక కప్పు విడివిడిగా కాచి చూసిన రోజులు కూడా ఉన్నాయి. ఒక చిన్న కర్మాగారం వారి పండు బిళ్ళలో అంచు చక్కగా ఉండి, నడుమ మాత్రం తడి ఆరకుండానే చుట్టిపెట్టినట్టు పుల్లటి వాసన వచ్చింది. అంచుతోనే సరిపెట్టుకుని ఉంటే దాన్ని మంచిదని రాసేవాణ్ణి.

నీటి గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మా వీధిలో బోరు నీళ్ళు ఉప్పదనం ఉన్నవి. వాటితో కాస్తే ఏ కర్మాగారం ఆకైనా ఒకేలా మొద్దుబారి, పైన పల్చటి పొర కడుతుంది. వడబోసిన నీటినే వాడతాను, తెర్లకాగిన వెంటనే పోస్తాను. 100 మిల్లీలీటర్ల మూతగిన్నెలో 5 గ్రాముల ఆకు వేసి, మొదటి నీటిని వెంటనే వంపేసి, రెండోసారి పదిహేను సెకన్లు, ఆ తరువాత ప్రతిసారీ కాస్త పెంచుకుంటూ ఎనిమిది సార్లు పోస్తాను. చివరికి మిగిలిన ఆకును పళ్ళెంలో పరుస్తాను. వేడి కప్పు చాలా లోపాలను దాచేస్తుంది గనుక, మూడో కప్పును సగం తాగి పక్కన పెట్టి పూర్తిగా చల్లారాక మళ్ళీ రుచి చూస్తాను. చల్లారాక కూడా తియ్యగా, తేటగా ఉన్న ద్రవం మీద నాకు గౌరవం కలుగుతుంది.

పచ్చి పు-ఎర్‌ను తూచడానికి మన భాష చాలా అనువైనది. చేదు, వగరు అనే రెండు మాటలను మనం ఎప్పుడూ కలిపేయం. కాకరకాయది చేదు, లేత అరటికాయది వగరు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కుర్ర పచ్చి పు-ఎర్‌లో రెండూ ఉంటాయి, ఉండాలి కూడా. నేను చూసేది అవి నోట్లో ఎంతసేపు నిలుస్తాయన్నది. మంచి ఆకు చేదు నాలుక వెనక మొదలై పది పదిహేను సెకన్లలో కరిగి, గొంతు నుంచి తీపి పైకి వస్తుంది. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగినప్పుడు వచ్చే తీపి అదే. చైనావారు దీనికి పెట్టుకున్న మాటకు తెలుగులో తిరిగివచ్చే తీపి అని అర్థం. యునాన్‌లో కూడా ఉసిరి పెరుగుతుందని, అక్కడివారూ దాన్ని ఉప్పు అద్దుకుని తింటారని తెలిసిన రోజున నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. వగరు మాత్రం చిగుళ్ళకు, బుగ్గల లోపలికి అంటుకుని మరో కప్పు తాగేవరకూ వదలకపోతే, ఆకు నాసిరకమనో, లేక వేయించడంలో, నలపడంలో పొరపాటు జరిగిందనో అనుమానిస్తాను.

వేయించడంలో ఇంకొక సంగతి ఉంది. వేడి ఎక్కువ చేసి గ్రీన్ టీలా వేయిస్తే కొత్తగా ఉన్నప్పుడు ఘాటైన పూల వాసన వచ్చి, మొదటి కప్పులోనే మనసు దోచుకుంటుంది. అయితే ఆ వేడికి ఆకులో మాగడానికి కావలసిన ఎంజైములు నశించిపోతాయి గనుక అయిదారేళ్ళకు అది చప్పబడుతుంది. దాచుకోవడానికి కొనేవారు ఇటువంటి సువాసనకు లొంగకూడదని నా అభిప్రాయం.

పండు పు-ఎర్‌లో చూడవలసింది పులిసిన తీరు. దోసెల పిండి ఎండాకాలంలో ఆరు గంటలకే పొంగుతుంది, చలికాలంలో పెసరంత కదలదు. ఇల్లాలు ఆ తేడాను చేత్తో పసిగట్టి నీళ్ళు, వేళ సర్దుకుంటుంది. టన్నుల కొద్దీ ఆకును కుప్పపోసిన కర్మాగారంలో జరిగేదీ అదే. కుప్ప లోపల వేడి 60 డిగ్రీల దాకా పెరుగుతుంది. సమయానికి తిరగవేయకపోతే నడిమి ఆకు మాడి బొగ్గులా అవుతుంది, తొందరపడి ఆపేస్తే పచ్చి వాసన మిగిలిపోతుంది. దీని సాక్ష్యం అంతా కాచిన తరువాత పళ్ళెంలో పరిచిన ఆకులో ఉంటుంది. చక్కగా పులిసిన ఆకు ముదురు గోధుమరంగులో, వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా సాగుతూ విచ్చుకుంటుంది. మాడిన ఆకు నల్లగా, గట్టిగా, ఎన్ని నీళ్ళు పోసినా ముడుచుకునే ఉంటుంది. నలిపితే బురదలా జారిపోయేదైతే అది మితిమీరి కుళ్ళినది. కొత్త పండు తేయాకులో చెరువు అడుగు వాసన కొంత ఉండడం సహజం, రెండు మూడేళ్ళలో అది పోతుంది. పోయాక కూడా ద్రవం మబ్బుగా, మట్టి నీళ్ళలా ఉంటే ఆ కుప్పను సరిగా నడపలేదని అర్థం. మంచి పండు తేయాకు ద్రవం ఎంత చిక్కగా ఉన్నా గాజు గ్లాసులో పోసి దీపం ముందు పెడితే మాణిక్యంలా వెలుగుతుంది.

నేను పేరు చూసి ప్రభావితుణ్ణి కాకుండా ఉండడానికి మా ఆవిడ సాయం చేస్తుంది. ఆకులను ఆవిడే తూచి, గిన్నెల అడుగున చీటీలు అంటించి, నాకు తెలియకుండా వరస మారుస్తుంది. ఏటా ఆవకాయ, మాగాయ, చింతకాయ పచ్చడి పెట్టే చేయి కనుక ఆవిడ ముక్కు నాకంటే నికార్సైనది. ఒకసారి నాలుగు పండు తేయాకులు వరసగా కాచినప్పుడు మూడో గిన్నె మూత ఎత్తి, "ఇది నిరుడు వానల్లో చెమ్మ పట్టిన చింతపండు వాసన వేస్తోందండీ, ఆకు మంచిదే, దాచినవాళ్ళు చెడగొట్టారు" అంది. చీటీ చూస్తే అది నాలుగింటిలోకీ ఎక్కువ ధర పెట్టి, చాలా పాతదని నమ్మి కొన్నది. అమ్మినవారు దాన్ని తేమ గిడ్డంగిలో పెట్టి తొందరగా ముసలిదాన్ని చేశారని తరువాత కాగితం మీది నీటి మరకలను బట్టి నిర్ధారించుకున్నాను. ఆకు, నిల్వ అని రెండు ముక్కలుగా తీర్పు చెప్పడం నేను ఆ రోజే ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

ఆ మాటను పరీక్షించాలని 2018లో ఒక పచ్చి బిళ్ళను సరిగ్గా సగానికి కోశాను. ఒక సగాన్ని కాగితంలో చుట్టి అట్టపెట్టెలో హైదరాబాదులోని మా అమ్మాయి ఇంటికి పంపాను. రెండో సగాన్ని ఇక్కడే మూత వదులుగా ఉండే మట్టిజాడీలో ఉంచాను. మా ఊళ్ళో శ్రావణ భాద్రపదాల్లో నా చిన్న మీటరు 80 శాతానికి పైగా తేమ చూపిస్తుంది. హైదరాబాదు ఎండాకాలంలో మా అమ్మాయి ఇంట్లో అది 30 దగ్గరికి పడిపోయేది. 2022 దసరాకు అమ్మాయి ఆ సగాన్ని తెచ్చినప్పుడు రెండింటినీ పక్కపక్కన కాచాము. హైదరాబాదుది ఇంకా తేనె రంగులోనే ఉంది. వాసన పైకి ఎగసి, వగరు కత్తిలా నిలిచి, నాలుగేళ్ళు గడిచాయంటే నమ్మబుద్ధి కానంత కుర్రతనంతో ఉంది. మా జాడీలోది రాగిరంగుకు తిరిగింది. మొదటి రెండు కప్పుల్లో తడి గోనె వాసన వచ్చి, మూడో కప్పుకు అది వదిలి, వగరు సగానికి సగం తగ్గి, గొంతులో తీపి ఎక్కువసేపు నిలిచింది. ఆకు ఒకటే, కర్మాగారం ఒకటే, జట్టు ఒకటే, బిళ్ళ కూడా ఒకటే. ఈ రెండు కప్పులను రెండు వేర్వేరు రోజుల్లో ఎవరైనా ఇచ్చి ఉంటే రెండు వేర్వేరు కర్మాగారాల గురించి నేను నమ్మకంగా రెండు పేరాలు రాసి ఉండేవాణ్ణి.

రెండింటిలోనూ మారనివి ఏమిటా అని ఆ సాయంత్రం చాలాసేపు ఆలోచించాము. ఆకు పొడవు, కాడల పాళ్ళు, ఎన్నో కప్పు దాకా సారం దిగుతుందన్నది, చేదు నాలుక మీద ఏ చోట మొదలవుతుందన్నది, కాచిన ఆకు వేలికి ఎంత బలంగా తగులుతుందన్నది రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి. రంగు, వాసన, వగరు తీవ్రత మారిపోయాయి. అందుకని ఇప్పుడు కర్మాగారానికి మార్కులు వేసేటప్పుడు మొదటి వరసలోని వాటినే లెక్కలోకి తీసుకుంటాను. రెండో వరసలోని వాటిని నిల్వ ఖాతాలో రాస్తాను. ఈ పద్ధతిలో పాత నోటు పుస్తకంలోని తీర్పులను తిరగరాస్తే, నేను తక్కువగా చూసిన షియాగువాన్ ఇనుప బిళ్ళ ఒకటి చాలా పైకి వచ్చింది. అది మాగకుండా ఉండిపోవడం పొడి చోట ఉన్నందువల్లనే, ఆకులో లోపం వల్ల కాదు.

మా తేమలో నష్టం కూడా జరిగింది. 2020 వానల్లో జాడీని వంటింటి గోడకు ఆనించి పెట్టడం వల్ల ఒక పండు బిళ్ళ అంచున ఆకుపచ్చ బూజు పట్టింది. తుడిచి వాడుకోవచ్చని కొందరు చెప్పినా నేను బిళ్ళ మొత్తాన్నీ పారేశాను. ఆకుపచ్చ, నలుపు, పసుపు రంగుల్లో నూగులా పెరిగిన బూజును మనం కంటితో చూసి మంచిదో చెడ్డదో చెప్పలేం. ఇప్పుడు జాడీలు వంటింటికి దూరంగా, గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉంటాయి. తేమ 70 శాతం దాటిన రోజుల్లో మూతలు బిగిస్తాను. ఇంగువ, ఆవపొడి, అగరువత్తులు ఆ గదిలోకి రావు.

ధర గురించి ఎక్కువ చెప్పను. 2007 వసంతం దాకా పు-ఎర్ ధరలు ఆకాశానికి ఎగసి, ఆ ఏడాదే కుప్పకూలాయి. ఆ వేలంవెర్రిలో తొందరగా నొక్కి అమ్మిన సరుకు ఇప్పటికీ "పాతది" అనే పేరుతో తిరుగుతోంది గనుక వయసుకు ధర కట్టేవారు జాగ్రత్తపడాలి. ఇటీవలి కాలంలో ఒకే కొండ ఆకు, ఒకే ఊరి ఆకు అంటూ లావ్ బాన్‌జాంగ్, యీవూ వంటి పేర్లతో అమ్మే బిళ్ళలకు విలువ పెరిగి, పెద్ద కర్మాగారాల మిశ్రమాలను చిన్నచూపు చూడడం అలవాటైంది. దీనితో నేను ఏకీభవించను. ఏటేటా వానలు మారి, తోటలు మారి, ఆకు మారుతున్నా, 7542 తాగినవాడికి ఇది 7542 అని తెలిసేటట్టు వందల బస్తాల్లోంచి పాళ్ళు కుదర్చడం గొప్ప విద్య. ఒక్క బిళ్ళ తాగి ఆ విద్యను కొలవలేం. ఒకే సంఖ్యతో ఉన్న మూడు నాలుగు సంవత్సరాల బిళ్ళలను వరసగా తాగితేనే ఆ కర్మాగారం చేతి రుచి పట్టుబడుతుంది.

ఆ పనే ఇప్పుడు మొదలుపెట్టాను. 7572లో మూడు వేర్వేరు సంవత్సరాల బిళ్ళలు సంపాదించి, మూడూ ఒకే జాడీలో, ఒకే అరలో, గత దీపావళి నుంచి పక్కపక్కన ఉంచాను. నిల్వ తేడా వాటి మధ్య నుంచి కొంతైనా తొలగిపోవాలంటే కనీసం రెండు వానాకాలాలు గడవాలని మా ఆవిడ పట్టుబట్టింది. మొదటి వానాకాలం అయిపోయింది. నిన్న జాడీ మూత తీసి చూస్తే మూడు కాగితాలూ పొడిగా ఉన్నాయి, చెక్కపెట్టె వాసన సన్నగా పైకి వచ్చింది.